కప్పులో ఏదున్నా రైతుకు ధర దక్కాలి

టర్కీ కాఫీ పేరు లోకమంతా తెలుసు. అక్కడివారు రోజూ తాగేది మాత్రం ఎక్కువగా టీ. తమిళనాట ఫిల్టర్ కాఫీ, మన ఊళ్లలో టీ. ఎవరి అలవాటు వారిది. ఏది పండించినా రైతుది ఒకటే చిక్కు: ధర తన చేతిలో లేదు.

మన్యం గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా అరబికా ధర న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో తేలుతుంది. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం ఎగుమతి కోటాలు ఆగిపోగానే ధరలు కుప్పకూలాయి. తాగేవారు తగ్గలేదు, రైతులే నష్టపోయారు. నీలగిరి చిన్న రైతు కోసిన తేయాకు నిల్వ ఉండదు; ఫ్యాక్టరీ ఇచ్చిందే ధర.

కాఫీ గింజకూ, పచ్చి తేయాకుకూ సాగు ఖర్చుపై లెక్కగట్టిన కనీస ధరకు చట్టబద్ధత కల్పించాలని డిమాండ్ చేస్తున్నాం. అంతవరకు విడివిడిగా అమ్ముకోకుండా, సంఘంగా కలిసి బేరమాడుదాం.