ఇంటి ముచ్చట్లు: ముందు కారు, వెనుక కారు

మాఘమాసంలో మా పిన్నిగారి మనుమని ఒడుగుకు బండ్రి వెళ్ళినాము. బళ్ళారి నుండి మూడు కార్లు. ముందు కారులో మా బావగారు, నడిమి దానిలో మేము, వెనుక దానిలో డెబ్బై ఎనిమిదేండ్ల మా అత్తగారు, ఆమెకు తోడుగా ఇద్దరు పిల్లలు. సండూరు దాటి కొండల నడుమ దోవ పడగానే సెల్‌ఫోనులు మూగవోయినవి. ఖనిజం లారీల సందడిలో వెనుక కారు ఎక్కడ కనుమరుగైనదో ఎవరమూ చూడలేదు. బండ్రి చేరి, కాళ్ళు కడుక్కొని, కాఫీ త్రాగిన తరువాత గాని వారు రాలేదన్న స్పృహ మాకు కలగలేదు! చక్రం పంక్చరై నలభై నిమిషాలు ఎండలో నిలిచిపోయినారట. అత్తగారి ఉబ్బసపు మందు చూస్తే మా సంచిలో వున్నది. దైవకృపవల్ల ఏమీ కాలేదు గాని, ఆ కాఫీ తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గే.

ఇటువంటి ప్రయాణాలు మనకు తప్పవు గదా. 1953లో ఆదోని, రాయదుర్గం ఆంధ్రలోనూ, బళ్ళారి మైసూరులోనూ పడినవి. చుట్టరికాలు మాత్రం ఎటూ పోలేదు. పెండ్లి అన్నా పేరంటమన్నా నాలుగు కార్లు బయలుదేరవలసిందే.

"వాకీటాకీలు కొందాము అత్తా" అని మా మేనల్లుడు పట్టుపట్టినాడు. వాడు చూసి వచ్చినది అయిదు వాట్ల సెట్టు. పదిహేను కిలోమీటర్లు పలుకుతుందట, ధర కూడా చవకే. లైసెన్సు మాటేమిటని అంగడివానిని అడిగితే, "ఎవరడుగుతారమ్మా?" అని నవ్వినాడు. ఆ నవ్వు చూసి నేను లేచి వచ్చినాను.

మన దేశంలో వైర్‌లెస్ సెట్టుకు అనుమతి వుండవలె. 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ వరకు, అర వాటుకు మించని చేతి సెట్లకు 2018లో లైసెన్సు అక్కరలేదన్నారు. మనబోటివారికి తగినవి అవే. పెద్ద సెట్టులో తెలియక ఏదో ఛానెల్ నొక్కితే పోలీసువారి మాటకో, మరొకరి అత్యవసరానికో అడ్డుపడవచ్చు. ఈ వివరాలు చెప్పకుండా అమ్ముతున్నారని 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థవారు 13 ఆన్‌లైన్ అంగళ్ళకు నోటీసులిచ్చి, ఆ నెలలోనే నిబంధనలు కూడా వెలువరించినారు. అందుచేత ఏ ఫ్రీక్వెన్సీయో స్పష్టంగా వ్రాసి, ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ చూపగలిగిన సెట్టే కొనండి.

ఇక దూరం సంగతి. పెట్టెమీద అచ్చువేసిన కిలోమీటర్లు నడుమ ఏ అడ్డూ లేనిచోట చెల్లేవి. ఈ తరంగాలు దాదాపు వెలుతురువలె సూటిగా పోయేవి. కొండ అడ్డమైతే ఆగుతవి, కారు రేకు కూడా కొంత మింగుతుంది. మేము తెచ్చిన అర వాటు సెట్లను తోరణగల్లు దోవలో బయలునేలమీద పరీక్షిస్తే కిలోమీటరున్నర దాకా మాట తేటగా వినిపించినది. సండూరు కొండలలో రెండవ మలుపుకే గరగర! మేనల్లుని అయిదు వాట్లు మాత్రం ఆ కొండను తొలుచుకుపోతవా?

కనుక మా ఇంట ఒక కట్టుబాటు చేసుకున్నాము. అయిదు నిమిషాలకొకసారి వెనుక కారువారే పలకవలె. పలుకు రాకపోతే ముందు కారు తగిన చోటు చూసి ప్రక్కకు ఆగవలె. సెట్టు నడిపేవాని చేతికి ఇవ్వరాదు. ఛానెలూ, కోడు అంకే అన్నింటిలో ఒకటిగా పెట్టి ఇంటివద్దనే మాట్లాడి చూడవలె. అన్నట్లు, ఆ కోడువల్ల గుట్టు దాగుతుందనుకొనేరు! అది ఇతరుల మాటలు మన చెవిన పడకుండా చేసేదే. మన మాటలు ఎవరైనా వినవచ్చు. వియ్యాలవారి సంగతులు ఇంటికి వచ్చి చెప్పుకోండి.

మొన్న రాయదుర్గం వెళ్ళేటప్పుడు వెనుక కారులో సెట్టు అత్తగారే పట్టినారు. ఊరు దాటకముందే గొంతు వినిపించినది: "అమ్మాయీ, వినబడుతున్నదా? మందు సంచి ఈసారి ఎవరి దగ్గరున్నది?"