గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ పరీక్ష, చికిత్స ఒకేచోట అందాలని తీర్మానం

పత్తి, మిరప పండించే ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల గ్రామాల రైతులు, కూలీలు, క్యాన్సర్‌కూ థైరాయిడ్ జబ్బులకూ వైద్యం చేయించుకున్నవారు, వారి ఇంటివారు, వైద్యులు, నర్సులు, ఆశా కార్యకర్తలు గుంటూరులో కూడి, న్యూక్లియర్ మెడిసిన్ సేవల గురించి చర్చించి చేసిన తీర్మానమిది. ఇది ఆస్పత్రి అధికారులకే కాక ఊళ్లలో చదివి వినిపించడానికి కూడా ఉద్దేశించింది గనుక, కోర్కెలకు ముందు వాటి వెనక ఉన్న సంగతులు వివరంగా రాయడమైనది.

ఎక్స్-రే, సీటీ స్కాన్ శరీరం లోపలి ఆకారాన్ని చూపుతాయి. న్యూక్లియర్ మెడిసిన్ పరీక్ష లోపల జరుగుతున్న పనిని చూపుతుంది. అతి స్వల్పంగా రేడియోధార్మికత కలిపిన మందును నరానికి గాని నోటి ద్వారా గాని ఇస్తారు. అది తనకు తగిన అవయవాన్ని వెతుక్కుంటూ పోయి అక్కడ చేరుతుంది. అక్కడినుంచి వచ్చే కిరణాలను కెమెరా పట్టుకుంటుంది. ఎముకలకు పాకిన క్యాన్సర్, సరిగా పనిచేయని మూత్రపిండం, రక్తం అందని గుండె కండరం ఇలా బయటపడతాయి.

అదే దారిలో చికిత్స కూడా చేయవచ్చని వైద్యలోకానికి తెలిసి ఎనభై ఏళ్లు దాటింది. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే వైద్యుడు థైరాయిడ్ ఉద్ధృతంగా ఉన్న రోగికి రేడియో అయోడిన్ ఇచ్చారు. థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను తనంతట తానే లాక్కుంటుంది గనుక ఆ మందు వేరెవరూ దారి చూపకుండానే చేరవలసిన చోటికి చేరింది. ఇటీవలి మందులు ఇతర క్యాన్సర్లకూ అలాంటి దారి కనిపెట్టాయి. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే న్యూరో ఎండోక్రైన్ కణుతుల మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్లు ఎక్కువగా ఉంటాయి. వాటిని పట్టుకునే చిన్న పెప్టైడుకు గాలియం-68 తగిలిస్తే పెట్ స్కాన్‌లో కణితి కనిపిస్తుంది. అలాంటి పెప్టైడుకే లుటీషియం-177 తగిలిస్తే కణితి దెబ్బతింటుంది. దాని బీటా కిరణాలు కండలో రెండు మిల్లీమీటర్లకు మించి పోవు. ఈ లుటీషియం మందును పరీక్షించిన నెటర్-1 అధ్యయనం ఫలితాలు 2017లో వెలువడ్డాక, 2018 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు పీఎస్ఎంఏ అనే గుర్తును పట్టుకునే లుటీషియం మందుకు 2022 మార్చిలో ఇచ్చింది.

మన దేశం ఈ విద్యలో వెనకబడిలేదు. ముంబై పరేల్‌లో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ 1963 నుంచి పనిచేస్తోంది. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ లుటీషియం-177ను తయారుచేస్తోంది. తిరుపతి స్విమ్స్‌లో, హైదరాబాదు నిమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. కనిగిరి నుంచో, మాచర్ల నుంచో బయల్దేరే రోగికి ఆ దూరాలు ఎంతో ఈ సభలో ఉన్నవారిలో చాలామందికి అనుభవమే.

ఈ సభ ఒక సంగతిని ప్రత్యేకంగా ముందుకు తెస్తోంది. న్యూక్లియర్ మెడిసిన్ అనగానే మన ప్రాంతంలో పెట్ స్కాన్ యంత్రం ఒక్కటే గుర్తుకొస్తుంది. యంత్రం వస్తే చాలనుకుంటాం. కాని ఈ మందుల్లో వాడే రేడియోధార్మిక ఐసోటోపుల ప్రయాణం లెక్క చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. సాధారణ పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగం అవుతుంది. హైదరాబాదులో దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం నుంచి రోడ్డు మీద అయిదు గంటలు ప్రయాణించి గుంటూరు చేరేసరికి వందలో పదిహేను పాళ్లే మిగులుతుంది. లుటీషియం-177 సగం కావడానికి ఆరున్నర రోజులకు పైగా పడుతుంది. ముంబై నుంచి ఒక రోజు ప్రయాణించినా నూటికి తొంభై పాళ్లు చేతికందుతుంది. రేడియో అయోడిన్ సంగతీ అంతే, దానికి ఎనిమిది రోజులు. అంటే చికిత్సకు వాడే మందే గుంటూరు దాకా తేలికగా వస్తుంది, స్కాన్ మందే రావడానికి ఇబ్బంది పడుతుంది. అందని మందు అన్న సాకుతో చికిత్సను వాయిదా వేయడానికి ఆస్కారం లేదు. కావలసినవి వార్డు, మనుషులు.

స్కాన్‌కు కూడా అన్నిటికీ సైక్లోట్రాన్ అక్కర్లేదు. ఎముకల స్కాన్‌కు, మూత్రపిండాల స్కాన్‌కు వాడే టెక్నీషియం ఆస్పత్రిలోనే తయారవుతుంది. సీసపు కవచంలో ఉన్న జనరేటర్ అనే పరికరానికి ఒక పక్క సెలైన్ సీసా, మరో పక్క గాలి తీసేసిన సీసా తగిలిస్తారు. సెలైన్ లోపలి స్తంభం గుండా దిగి, పుట్టిన టెక్నీషియాన్ని కడిగి తెస్తుంది. మళ్లీ మర్నాటికి కొత్తది ఊరుతుంది. పాడిగేదెను పితికినట్టు ప్రతి ఉదయం పితుకుతారు, వారం దాకా పాలిస్తుంది. జర్మేనియం జనరేటర్ ఉంటే గాలియం-68 కూడా ఇలాగే వస్తుంది. జర్మేనియం సగం కావడానికి 271 రోజులు పడుతుంది గనుక ఆ జనరేటర్ నెలల తరబడి పనికొస్తుంది. ఖరీదు ఎక్కువే. అయితే న్యూరో ఎండోక్రైన్, ప్రోస్టేట్ రోగులకు పరీక్ష, చికిత్స రెండూ ఇక్కడే సాగేందుకు అదే కీలకం.

కాబట్టి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో గామా కెమెరా, పెట్-సీటీ, జనరేటర్లు పెట్టే హాట్ ల్యాబ్, రేడియో అయోడిన్, లుటీషియం చికిత్సలకు ఐసోలేషన్ వార్డు కలిపి ఒకే విభాగంగా నడపాలని ఈ సభ తీర్మానిస్తోంది. 1946 నుంచి వైద్య కళాశాల అండ ఉన్న ఆస్పత్రి ఇది. నాట్కో ట్రస్టు సాయంతో క్యాన్సర్ భవనం సమకూరిన ఆస్పత్రి. 2016లో గుండె మార్పిడి చేసి చూపిన ఆస్పత్రి. చేయలేరన్న మాట ఈ ఆస్పత్రి విషయంలో చెల్లదు. మంగళగిరి ఎయిమ్స్ పక్కనే ఉంది. రెండు ఆస్పత్రులూ రోగులను, నిపుణులను, జనరేటర్లను పంచుకునేలా లిఖితపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఒకచోట కెమెరా చెడితే రోగిని రెండోచోటికి పంపే ఏర్పాటు అందులో ఉండాలి. సైక్లోట్రాన్ కావాలని ఈ సభ ఇప్పుడు అడగడం లేదు.

యంత్రం కంటే ముందు మనుషులను నియమించాలి. న్యూక్లియర్ మెడిసిన్ చదివిన వైద్యుడు, శిక్షణ పొందిన టెక్నాలజిస్టు, రేడియేషన్ భద్రతాధికారి లేకుండా ఏఈఆర్‌బీగా పిలిచే అణుశక్తి నియంత్రణ మండలి ఏ విభాగానికీ లైసెన్సు ఇవ్వదు. ఆ నియమం సరైనది. పోస్టులు మంజూరై, భర్తీ అయిన తరువాతే టెండరు పిలవాలని, గుంటూరు వైద్య కళాశాలలో ఈ విభాగంలో పీజీ సీట్లకు దరఖాస్తు చేయాలని, టెక్నాలజిస్టు కోర్సు గురించి ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆలోచించాలని కోరుతున్నాం.

ఇక ఎముకల స్కాన్ చదవడం గురించి. మన నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ మీద షార్ట్ బృందం 1937లో ప్రచురించిన నివేదిక ఆనాటి నెల్లూరు జిల్లా గ్రామాల గురించినది. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా (తరువాత ప్రకాశం) ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడు తాగి నడుం వంగిన పెద్దలు ఆ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఎముకలు టెక్నీషియాన్ని అసాధారణంగా పీల్చుకుంటాయి. స్కాన్‌లో అస్థిపంజరం అంతా వెలుగుతుంది, మూత్రపిండాలు కనపడీ కనపడనట్టుంటాయి. దీన్నే సూపర్ స్కాన్ అంటారు. క్యాన్సర్ ఎముకలన్నిటికీ పాకినా స్కాన్ ఇలాగే కనిపించవచ్చు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న కనిగిరి రైతు స్కాన్‌ను, ఆ నీళ్ల సంగతి తెలియని వైద్యుడు ఎక్కడో దూరాన కంప్యూటర్ మీద చూసి రిపోర్టు రాస్తే, లేని వ్యాప్తి ఉన్నట్టు తేలే ప్రమాదముంది. ఆ రిపోర్టు పట్టుకుని కుటుంబం ఆశ వదులుకున్నా, అక్కర్లేని చికిత్స మొదలైనా తిరిగి సరిదిద్దలేం.

అందుచేత ఎముకల స్కాన్‌కు వచ్చే ప్రతి రోగినీ ఏ ఊరు, ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారని అడిగి కాగితం మీద రాయాలని, అనుమానమున్నచోట ముంజేయి ఎక్స్-రే తీయాలని ఈ సభ కోరుతోంది. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి, ఎముక అంచు నుంచి ముల్లులా పొడుచుకొచ్చినట్టు ఆ ఎక్స్-రేలో కనిపిస్తే ఫ్లోరోసిస్ సంగతి తేలుతుంది. పది నిమిషాల పని, ఖర్చు నామమాత్రం. మన ప్రాంతపు స్కాన్‌లు మన ప్రాంతంలోనే చదవాలని ఈ సభ పట్టుబట్టడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

రోగులకిచ్చే సూచనలు తెలుగులో, మన వంటింటికి తగినట్టు రాయాలి. థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ తీసుకునే ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి తినాలి. ఇంగ్లీషు కాగితాల్లో సముద్రపు చేపలు, పాల పదార్థాలు, గుడ్డు పచ్చసొన మానమని ఉంటుంది. మిరప కూలీ ఇంట్లో సముద్రపు చేప ఏ పండక్కో వండుతారు. గోంగూర పచ్చడి, పండుమిరప పచ్చడి మాత్రం రోజూ ఉంటాయి. వాటిలో పోసింది అయోడిన్ ఉప్పే అయితే ఆ పథ్యం అక్కడే చెడుతుంది. ఈ ముక్క కాగితంలో ఉండాలి, అయోడిన్ కలపని ఉప్పు పొట్లం ఆస్పత్రే ఇవ్వాలి. సీటీ స్కాన్‌లో ఎక్కించే అయోడిన్ మందు కూడా ఈ చికిత్సకు అడ్డుపడుతుంది గనుక ఇటీవల సీటీ తీయించుకున్నారా అని అడగడం మరవకూడదు.

ఇంటికి వెళ్లాక ఎలా ఉండాలో కూడా రాయాలి. పక్క వేరుగా వేసుకోవడం, చంటిపిల్లల్ని, గర్భిణులను కొన్నాళ్లు దూరంగా ఉంచడం, మరుగుదొడ్డి వాడాక నీళ్లు రెండుసార్లు పోయడం లాంటివి ఎన్ని రోజులో వైద్యుడు ప్రతి రోగికీ విడిగా రాసివ్వాలి. ఒకే గదిలో అయిదుగురు పడుకునే ఇంటికి పంపేముందు ఆ ఇల్లు ఎలాంటిదో అడగాలి. వసతి లేనివారిని ఇంకో రెండు రోజులు ఆస్పత్రిలోనే ఉంచాలి. గర్భం లేదని నిర్ధారించుకోకుండా ఏ స్త్రీకీ రేడియో అయోడిన్ ఇవ్వకూడదు. పాలిచ్చే తల్లి అయితే చికిత్సకు ఆరు వారాల ముందే పాలు మాన్పించాలని, ఆ బిడ్డకు తరువాత కూడా పాలు ఇవ్వకూడదని ముందే చెప్పాలి. ఆశా కార్యకర్తలకు ఈ విషయాల్లో శిక్షణ ఇవ్వాలి. ఊళ్లో మొదట అడిగేది వాళ్లనే.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా సాగుతున్న పథకంలో ఈ పరీక్షల్లో, చికిత్సల్లో వేటికి ఎంత వరకు ఖర్చు ఇస్తారో ఆస్పత్రి గోడ మీద తెలుగులో ప్రకటించాలి. లుటీషియం చికిత్స న్యూరో ఎండోక్రైన్ కణుతులకు సాధారణంగా ఎనిమిది వారాలకొకసారి చొప్పున నాలుగు విడతలు. మొదటి విడత అయ్యాక డబ్బుల్లేక ఆగిపోతే అప్పటిదాకా పెట్టింది వృథా అవుతుంది. నాలుగు విడతలకూ ఒకేసారి అనుమతి ఇవ్వాలి. మిరప కోతల రోజుల్లో కూలి పోతుందని వైద్యం వాయిదా వేసుకునేవారు మన ఊళ్లలో ఎందరో. వారి తేదీలు ముందుగా మాట్లాడి నిర్ణయించాలి, ప్రయాణ ఖర్చు, తోడొచ్చినవారికి బస ఇవ్వాలి.

లుటీషియం చికిత్స ప్రతి క్యాన్సర్‌కూ కాదని ఈ సభకు తెలుసు. స్కాన్‌లో ఆ రిసెప్టరు కనిపించనివారికి మందు పనిచేయదు, వారికి ఇవ్వకూడదు. ఎవరికి ఇవ్వాలో శస్త్రచికిత్స, మెడికల్ ఆంకాలజీ, రేడియేషన్, న్యూక్లియర్ మెడిసిన్ వైద్యులు కలిసి కూర్చుని నిర్ణయించాలి. పురుగుమందులు కొట్టే చేతులకు క్యాన్సర్ ఎక్కువ వస్తోందా అన్న ప్రశ్న సభలో పదేపదే వచ్చింది. లెక్కలు లేకుండా ఈ సభ అవునని గాని కాదని గాని అనదు. అందుకే ఈ విభాగానికి వచ్చే రోగుల వృత్తి, ఊరు, వాడిన పురుగుమందుల వివరాలు పేర్లు బయటపెట్టకుండా నమోదు చేయాలని కోరుతోంది.

అణు అన్న మాట వినగానే జనం భయపడతారు. తుమ్మలపల్లె యురేనియం గని దగ్గరి ఊళ్ల ఆందోళన, యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా 2019లో నల్లమల కదిలిన తీరు అందరికీ గుర్తున్నాయి. ఆ భయాన్ని తెలియనితనమని కొట్టిపారేయకూడదు. దానికి జవాబుగా ఐసోలేషన్ వార్డు మురుగును నేరుగా కాలువలోకి వదలకుండా డిలే ట్యాంకుల్లో నిలవుంచాలి. రేడియో అయోడిన్ 80 రోజుల్లో వెయ్యో వంతు కంటే తక్కువకు తగ్గుతుంది. ట్యాంకుల కొలతలు, సిబ్బంది బ్యాడ్జీల రీడింగులు ప్రతి మూడు నెలలకూ ఆస్పత్రి బయట బోర్డు మీద పెట్టాలి. 2010లో ఢిల్లీ మాయాపురిలో రేడియోధార్మిక పరికరం పాతసామాను దుకాణానికి చేరి ఒకరి ప్రాణం తీసింది. పాత జనరేటర్లు, యంత్రాలను సరిచూసే రేడియోధార్మిక సోర్సులు అలా పోకుండా తిరిగి అప్పగించిన రసీదులు భద్రపరచాలి.

ఈ తీర్మానం సభలో చదివి వినిపించగా, చర్చానంతరం చేతులెత్తి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. దీని ప్రతులను రాష్ట్ర ఆరోగ్య శాఖకు, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి సూపరింటెండెంటుకు, వైద్య కళాశాల ప్రిన్సిపాలుకు, మంగళగిరి ఎయిమ్స్ డైరెక్టరుకు, ప్రాంత శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు పంపాలని, మూడు నెలల్లో లిఖితపూర్వకంగా జవాబు కోరాలని, జవాబు రాగానే ఈ సభను మళ్లీ పిలవాలని తీర్మానించడమైనది.