ఆ థంబ్సప్ పెట్టకుండా ఉండాల్సింది

నా ఫోన్‌లో ఒక వాట్సాప్ చాట్ ఉంది. ఇప్పటికీ డిలీట్ చేయలేదు. ఇంటర్‌లో నా పక్కన కూర్చున్నవాడు వాళ్లమ్మ రిపోర్టులు పంపాడు. మొదటిరోజు సాయంత్రం సోడియం 106. మర్నాడు సాయంత్రం 124. కింద మెసేజ్: ‘ఒరేయ్, అమ్మ లేచి కూర్చుంది. కాఫీ అడిగింది!’

నేను ఓపీలో ఉన్నా. అంకె పెరిగింది కదా అని ఒక థంబ్సప్ కొట్టి ఫోన్ జేబులో వేసుకున్నా.

మూడు రోజులకి వాడే ఫోన్ చేశాడు. ‘అమ్మ మాట ముద్దముద్దగా వస్తోందిరా. మంచినీళ్లు కూడా మింగలేకపోతోంది.’

చాట్ మళ్లీ తెరిచా. 24 గంటల్లో 18 పెరిగింది. డాక్టర్నై ఉండి అంకె చూశాను గానీ, గడియారం చూడలేదు.

అసలేం జరిగిందంటే... రక్తంలో సోడియం మామూలుగా లీటరుకు 135 నుంచి 145 మిల్లీఈక్వివలెంట్లు ఉండాలి. ఆంటీ మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్ర వేసుకునేవారు. దానికి వాంతులు తోడయ్యాయి. వారం రోజులు సరిగా తినకుండా నీళ్లే తాగారు. సోడియం పడిపోయింది.

సోడియం తగ్గితే మెదడు కణాల్లోకి నీరు చేరి అవి ఉబ్బుతాయి. చుట్టూ పుర్రె, చోటు లేదు. అందుకే రెండు రోజుల్లో కణాలు తమలోని లవణాల్ని, కొన్ని చిన్న అణువుల్ని బయటికి పంపి సర్దుకుంటాయి. అలా సర్దుకున్నాక సోడియాన్ని గబగబా పెంచితే నీరు బయటికి లాగేసుకుపోతుంది. పోగొట్టుకున్న సరుకును కణాలు అంత వేగంగా తిరిగి తెచ్చుకోలేవు. కరెంటు వైరుకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరాల తీగలకి మైలిన్ తొడుగు ఉంటుంది. దాన్ని తయారుచేసే కణాలు దెబ్బతింటాయి. ఎక్కువగా దెబ్బ తగిలేది మెదడు కాండంలోని పాన్స్ దగ్గర. మాట, మింగడం, కాళ్లూ చేతుల కదలిక... అన్నిటి తీగలూ అటుగానే వెళ్తాయి. ఈ జబ్బుని 1959లో ఆడమ్స్, విక్టర్, మాన్‌కల్ అనే డాక్టర్లు మొదట వర్ణించారు. సోడియం తొందరే కారణమని ఆ తర్వాత తేలింది. ఇప్పటి పేరు ఆస్మోటిక్ డీమైలినేషన్.

మోసం ఏంటంటే, మనిషి ముందు బాగా కోలుకున్నట్టే కనిపిస్తాడు. దెబ్బ కొన్ని రోజులాగి బయటపడుతుంది. తొలి ఎంఆర్ఐ మామూలుగానే ఉండొచ్చు.

తప్పు ప్రతిసారీ సెలైన్‌దే అనుకోకండి. వాంతులు తగ్గి, మాత్ర ఆపగానే కిడ్నీలు నీళ్లలాంటి మూత్రాన్ని ధారగా వదులుతాయి. సోడియం తనంతట తానే ఎగబాకుతుంది. అందుకే కొన్ని గంటలకోసారి రక్తపరీక్ష చేయాలి, మూత్రం కొలవాలి. మద్యం అలవాటు, పోషకాహార లోపం, లివర్ జబ్బు, తక్కువ పొటాషియం, 105 లేదా అంతకన్నా తక్కువ సోడియం ఉన్నవాళ్లకి 24 గంటల్లో 8 దాటకూడదు. అలాగని భయపడి వైద్యం ఆపకూడదు. ఫిట్స్ వస్తుంటే 3 శాతం సెలైన్ వెంటనే ఎక్కించాల్సిందే. 4 నుంచి 6 పెరిగితే చాలు, ప్రాణాపాయం తప్పుతుంది.

హద్దు దాటితే? వెనక్కి దించొచ్చు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తూ, మూత్రంలో నీరు పోకుండా పట్టే డెస్మోప్రెసిన్ ఇస్తారు. దీనికి ఆధారం జంతువుల మీద ప్రయోగాలు, కొద్దిమంది రోగుల అనుభవాలే. అయినా లక్షణాలు రాకముందే చేస్తే ఆశ ఎక్కువ. నా థంబ్సప్‌తో పోయింది ఆ టైమే.

ఆంటీని పెద్దాసుపత్రికి మార్చాక అక్కడి డాక్టర్లు ఆ ప్రయత్నమూ చేశారు. ఊడిన తొడుగుని కచ్చితంగా తిరిగి వేసే మందు మాత్రం లేదు. మిగిలింది ఓపిక. తిండి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కులోంచి గొట్టం, పుండ్లు పడకుండా పక్కకి తిప్పడం, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ. ‘అమ్మకి ఏమీ తెలియట్లేదురా’ అన్నాడు వాడు. ‘తెలుస్తుంటుంది, మాట్లాడు’ అన్నా. ఈ జబ్బులో ఒళ్లు కదలకపోయినా తెలివి పూర్తిగా ఉండొచ్చు. మర్నాడు పేరు పెట్టి పిలిస్తే రెప్ప వేశారు.

ఒకప్పుడు ఈ జబ్బంటే ఇక అంతే అనుకునేవారు. ఇప్పుడు తెలిసిందేంటంటే, చాలామంది నెలల తరబడి మెల్లగా కోలుకుంటారు. కొందరు తమ పనులు తామే చేసుకునే స్థితికొస్తారు. కాబట్టి మొదటి వారాల్లోనే ఆశ వదులుకోవద్దు.

మీ ఇంట్లో ఎవరికైనా సోడియం తగ్గి ఆసుపత్రిలో ఉంటే రోజూ రెండు ప్రశ్నలు అడగండి: ‘నిన్నటి నుంచి ఎంత పెరిగింది? ఎన్ని గంటల్లో?’ బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

నాలుగు నెలల తర్వాత వాడి నంబరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, ఆంటీ గొంతు: ‘ఏరా... కాఫీకి... ఎప్పుడొస్తావ్?’

ఈసారి థంబ్సప్ పెట్టలేదు. ఫోన్ చేశాను.