చదివి వినిపించిన తరువాతే సంతకం

రెవెన్యూ శాఖలో 31 సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఇప్పుడు ప్రతి శుక్రవారం జుమా నమాజు తరువాత మా మసీదు వరండాలో కూర్చుని, వచ్చినవారికి దరఖాస్తులు వ్రాసి పెడుతున్నాను. అక్కడికి వచ్చే కాగితాలలో నోటరీ ముద్ర గల ప్రమాణ పత్రాలే ఎక్కువ. మనవారికి ఆ ముద్ర మీద ఎంతో నమ్మకం. దాని పైనున్న వాక్యాలను మాత్రం చదివేవారు అరుదు.

ఇటీవల ఒక సోదరి అటువంటి కాగితం పట్టుకొని వచ్చింది. తండ్రి మరణించి ఏడాది కావస్తోంది. "ఆపా, అమ్మీ పింఛనుకు కావాలట, ఇక్కడ సంతకం పెట్టు" అని తమ్ముడు అడిగితే పెట్టింది. ఆమెకు ఉర్దూ వచ్చు, తెలుగు కూడబలుక్కొని చదవగలదు. కాగితం ఇంగ్లీషులో ఉంది. తండ్రి ఇంటిలో తన వాటాను ఇష్టపూర్వకంగా వదులుకొంటున్నట్లు అందులో వ్రాసి ఉంది. నోటరీ ముందుకు ఆమె వెళ్ళనే లేదు. కాగితం ఒక్కటే వెళ్ళి ముద్రతో తిరిగి వచ్చింది.

ప్రమాణ పత్రమంటే ఏమిటో మనం స్పష్టంగా తెలుసుకోవాలి. అది సంతకం చేసిన వ్యక్తి ప్రమాణపూర్వకంగా చెప్పిన మాట. ఆ వ్యక్తి తన ఎదుట ప్రమాణం చేసినట్లు నోటరీ ధ్రువీకరిస్తాడు. లోపలి విషయం నిజమని ఆయన హామీ ఇవ్వడు. 1952 నాటి నోటరీల చట్టం ఆయనకిచ్చిన అధికారంలో ఆస్తిని ఒకరి నుండి మరొకరికి మార్చడం లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, నూరు రూపాయలు లేదా అంతకు మించిన విలువ గల స్థిరాస్తిలో హక్కును వదులుకొనే పత్రాన్ని రిజిస్టరు చేయించి తీరాలి. కాబట్టి ఆ సోదరి వాటా ఆ కాగితంతో పోదు. అయితే ఆ సంతకాన్ని రేపు ఆమెకే ఎదురు చూపుతారు. మోసం జరిగిందని నిరూపించుకొనే భారం ఆమె మీద పడుతుంది.

హిబాకు రిజిస్ట్రేషన్ అవసరం లేదు కదా అని కొందరు అంటారు. నిజమే, ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం చేసిన హిబాను కాగితంపై వ్రాసుకొన్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని హిబాకు మూడు షరతులున్నాయి: ఇచ్చేవారు ప్రకటించాలి, పుచ్చుకొనేవారు అంగీకరించాలి, ఆస్తిని స్వాధీనం చేయాలి. ఇవి లేని చోట ఎన్ని ముద్రలు వేసినా హిబా కాదు.

మరికొన్ని ఇళ్ళలో అక్కచెల్లెళ్ళ పేర్లు తొలగించి, "మేము తప్ప వేరే వారసులు లేరు" అని అన్నదమ్ములు ప్రమాణ పత్రం ఇస్తున్నారు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరం. అల్లాహ్ నిర్ణయించిన వాటాను దాచడం అంతకంటే పెద్ద నేరమని వేరే చెప్పనక్కర లేదు.

తోబుట్టువుల మధ్య కాగితం చదివించమనడం అపనమ్మకం కాదా అని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పు పత్రం గురించే. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, బాధ్యత ఎవరిదో వారే చెప్పి వ్రాయించాలని, వారికి ఆ శక్తి లేకపోతే వారి సంరక్షకుడు న్యాయంగా చెప్పాలని, సాక్షులుండాలని అందులో ఆదేశం ఉంది. చదివించుకోవడం అపనమ్మకమైతే ఈ ఆదేశం ఎందుకు వచ్చినట్లు?

కనుక ప్రతి కుటుంబం కొన్ని నియమాలు పెట్టుకోవాలి. ఖాళీ స్టాంపు కాగితం మీద ఎవరూ సంతకం గాని, వేలిముద్ర గాని వేయరాదు. తెలియని భాషలో ఉన్న పత్రాన్ని తెలిసిన భాషలో చదివించుకొని, అలా చదివి వినిపించినట్లు దాని మీదే వ్రాయించాలి. నోటరీ ఎదుటకు స్వయంగా వెళ్ళి, ఆయన రిజిస్టరులో సంతకం చేసి, క్రమసంఖ్య వేయించుకొని, ఒక నకలు ఇంట్లో ఉంచుకోవాలి. రుసుముల పట్టికను నోటరీ తన కార్యాలయంలో కనబడేలా ఉంచాలన్నది నిబంధన. అడగడానికి జంకనక్కర లేదు. వివాదం వస్తే, 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

ప్రతి మసీదు కమిటీ చదువుకొన్న ఇద్దరిని, వారిలో ఒకరు స్త్రీ అయ్యేటట్లు, ఈ పనికి నియమించాలని నా మనవి. వారానికి ఒక గంట చాలు. దీనికి చందాలు అవసరం లేదు.

ఆ సోదరి తమ్ముణ్ణి పెద్దల సమక్షంలో పిలిపించాము. "అందరూ ఇలాగే చేస్తున్నారు" అన్నాడు. వ్యవహారం ఇంకా తేలలేదు. సంతకం చేసిన నాడు ఆ కాగితాన్ని చదివి వినిపించేవారు ఒక్కరున్నా, ఆమె నా దగ్గరకు రావలసిన పని ఉండేది కాదు.