కొత్త కార్డు, పాత కెర్నెల్

సంపాదకులకు,

కొత్త కంప్యూటర్‌లో లినక్స్ నత్తనడక నడిస్తే ర్యామ్ పెంచమని, లేదా విండోస్‌కు తిరిగి వెళ్లమని గత సంచికలో మీ వ్యాసకర్త చెప్పారు. నేను ఒప్పుకోను. 16 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో మౌస్ బాణం ఆగి ఆగి కదులుతుంటే లోపం సాధారణంగా వేరే చోట ఉంటుంది.

లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ 12నే చూడండి. 2023 జూన్‌లో 6.1 కెర్నెల్‌తో (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగంతో) వచ్చింది. రేడియాన్ ఆర్‌ఎక్స్ 9070 గ్రాఫిక్స్ కార్డు 2025 మార్చిలో విడుదలైంది. తన తర్వాత ఎప్పుడో పుట్టిన కార్డును ఆ కెర్నెల్ ఎలా నడిపించగలదు? డ్రైవర్ లేక తెర మీది ప్రతి బొమ్మనూ ప్రాసెసరే గీయాల్సి వస్తుంది. వీడియో పెట్టగానే ఫ్యాన్ రొద, ఆపై అంతా బిగుసుకుపోవడం. టెర్మినల్‌లో ‘జీఎల్ఎక్స్ఇన్ఫో’ ఆదేశం ఇచ్చి రెండరర్ పేరు చూడండి. కార్డు పేరుకు బదులు ‘ఎల్ఎల్‌వీఎంపైప్’ అని ఉంటే జబ్బు దొరికినట్టే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడిందని ‘నోమోడ్‌సెట్’ అనే బూట్ ఐచ్ఛికం పెట్టి, తర్వాత తీసేయనివారికీ ఇదే గతి.

దీనికి మందుగా కెర్నెల్ ఒక్కటే మారిస్తే చాలదు. గ్రాఫిక్స్ డ్రైవర్ల సముదాయమైన మెసా, కార్డు ఫర్మ్‌వేర్ కూడా కొత్తవి కావాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 6.12 కెర్నెల్, మెసా 25 ఉన్నాయి. అప్పటికీ బిగుసుకుంటే ‘జర్నల్‌సీటీఎల్’తో గత బూట్ సందేశాలు చదవాలి.

పిల్లల చదువుకని అప్పు చేసి కంప్యూటర్ కొన్నవాళ్లకు మరో ఖర్చు చెప్పేముందు, పైసా ఖర్చులేని ఈ పరీక్ష చెప్పాల్సింది. వచ్చే సంచికలో దయచేసి ఈ సవరణ వేయండి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ