వ్యవసాయ పర్యాటకం: నిర్వచనాన్ని ఎటువైపు విస్తరించాలి?

మామిడి తోటలో నాలుగు కాటేజీలు, ఒక ఈతకొలను, గేటు దగ్గర అలంకారానికి ఓ ఎడ్లబండి. దీన్నీ వ్యవసాయ పర్యాటకమనే పిలుస్తున్నారు. చట్టంలో ఆ మాటకున్న నిర్వచనాన్ని విస్తరించాలనడం సబబే, కానీ ఎటువైపు?

మహారాష్ట్ర 2020 నాటి విధానం రైతులతో పాటు సహకార సంఘాలకూ, కృషి విజ్ఞాన కేంద్రాలకూ, వ్యవసాయ కళాశాలలకూ చోటిచ్చింది. ఇది మంచి విస్తరణ. పొలంలో చూడదగ్గది పచ్చదనం ఒక్కటే కాదు కదా! పేనుబంకను తినే అక్షింతల పురుగు, దీపపు ఎరలో పడ్డ రెక్కల పురుగులు, కంది వేళ్ల మీది బుడిపెలు ఉన్నాయి. బుడిపెను కోస్తే లోపల గులాబీ రంగు కనిపించిందా, అది గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నట్టే. ఇవన్నీ చూపడానికి భవనాలక్కర్లేదు, తెలిసిన రైతు చాలు. అలా చెప్పినందుకు రైతు తీసుకునే రుసుమును సాగు ఆదాయంగానే గుర్తించాలి.

మరి హద్దు? ఇటలీ 2006 చట్టం ప్రకారం ఆతిథ్యం సేద్యానికి అనుబంధంగానే ఉండాలి. ఏది ప్రధానమో ముఖ్యంగా పనికి పట్టే సమయాన్ని బట్టి తేలుస్తారు. అతిథులు 10 మందికి మించకపోతే సేద్యమే ప్రధానమని ఒప్పుకుంటారు. చిన్న రైతుకు కాగితాల బెడద తగ్గుతుంది. ఎకరాలు, గదులు లెక్కపెట్టడం కన్నా ఇది నయం.

తెలుగు రాష్ట్రాల్లో అయితే ఇంకో చిక్కుంది. పట్టాదారు పాసుపుస్తకం చూపితేనే అనుమతి అంటే, పొలం గురించి బాగా తెలిసిన కౌలు రైతు గేటు బయటే ఉండిపోతాడు.