ఇంటింటికో యుగంధర్

మనలో మన మాట. డిటెక్టివ్ నవలలు చదవని ఆడవాళ్లు మనలో ఎంతమంది? మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక కొమ్మూరి సాంబశివరావుగారి పుస్తకం పట్టుకుంటే, సాయంత్రం కుళాయి వచ్చేదాకా లేవబుద్ధయ్యేది కాదు. ఆ నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ ఎంత పద్ధతైన మనిషి! శవం పడివున్న చోటు స్వయంగా చూసేవాడు. అసిస్టెంటు రాజుని నాలుగు దిక్కులా తిప్పేవాడు. చేతికి ఆధారం చిక్కేదాకా ఎవర్నీ పట్టుకుని నువ్వే హంతకుడివి అనేవాడు కాదు.

ఇప్పుడా శ్రమ ఎవరికీ అక్కర్లేదు. ఎక్కడో వెయ్యి మైళ్ల అవతల, తలుపులు వేసుకున్న ఓ ఇంట్లో హత్య జరుగుతుంది. ఆ ఊరు మనం చూడలేదు, ఆ మనుషుల్ని ఎరగం. అయినా పొయ్యి మీద పప్పు ఉడికేలోగా ఫోనులో నాలుగు వీడియోలు చూసి హంతకుణ్ణి తేల్చేస్తాం. తేల్చి ఊరుకుంటామా? పదిమందికీ పంపిస్తాం. వాళ్లు మరో వందమందికి పంపిస్తారు. చిత్రమేమిటంటే, ఈ ఇంటింటి యుగంధర్ల వేలు చాలాసార్లు ముందు పనివాడి మీదకి వెడుతుంది, ఆ తర్వాత తిన్నగా ఆ ఇంటి ఇల్లాలి మీదకి వెడుతుంది.

కాలక్షేపమే కదా, ఎవరికేం నష్టం అంటారు. ఇది పాపిష్టి కాలక్షేపం అంటాను నేను. ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

2008 మే నెల. ఢిల్లీ పక్కనున్న నోయిడాలో ఓ ఫ్లాటు. తల్లీ తండ్రీ ఇద్దరూ పళ్ల డాక్టర్లు. మే 16 పొద్దున్న వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఆరుషి తన గదిలోనే హత్యకి గురై కనిపించింది. పధ్నాలుగో పుట్టినరోజుకి పట్టుమని పది రోజులు లేవు. ఆ ఇంట్లోనే ఉండి పనిచేసే హేమరాజ్ కనిపించలేదు. ఇంకేం కావాలి? పనివాడే చంపి పారిపోయాడన్నారు. పోలీసులన్నారు, టీవీలన్నాయి, దేశమంతా అంది. మర్నాడు డాబా మీద తాళం వేసివున్న తలుపు బద్దలుకొట్టి చూస్తే, అక్కడ హేమరాజ్ శవం! అతన్ని కూడా ఆ రాత్రే చంపేశారన్న మాట. మే నెల ఎండలో శవమై పడివున్న మనిషిని దేశం దేశమంతా ఓ రోజుపాటు హంతకుడని తిట్టింది. అతనికి మాత్రం పెళ్లాం బిడ్డలు లేరా? నేపాల్లో ఉన్న ఆ కుటుంబానికి ఈ తిట్లు వినపడి ఉండవా?

బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. వేలు ఇటునుంచి అటు తిరిగింది. వారం తిరక్కుండా తండ్రిని అరెస్టు చేశారు. విలేకరుల్ని కూచోబెట్టి, ఆ పిల్లకీ ఆ పనివాడికీ ఏదో ఉందన్నట్టు సాక్షాత్తూ పోలీసు అధికారే చెప్పాడు. పదమూడేళ్ల పిల్ల గురించి! చచ్చిపోయింది కనక లేచి కాదని చెప్పలేదు. తర్వాత సి.బి.ఐ. వచ్చింది. పనిపాటలు చేసుకునే ముగ్గురు కుర్రాళ్లని పట్టుకుంది, వదిలింది. ఆధారాలు చాలవు, కేసు మూసేస్తాం అని 2010 డిసెంబరులో కోర్టుకి చెప్పింది. కోర్టు ఒప్పుకోలేదు. 2013 నవంబరులో ఘాజియాబాద్ సి.బి.ఐ. కోర్టు తల్లిదండ్రులిద్దరికీ యావజ్జీవ శిక్ష వేసింది. 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు ఆ శిక్ష కొట్టేసి ఇద్దర్నీ విడుదల చేసింది. కింది కోర్టు జడ్జిగారు సినిమా డైరెక్టరులా కథ అల్లుకున్నారని ఆ బెంచిలోని ఒక న్యాయమూర్తి గట్టిగానే తప్పుపట్టారు. ఈ లోపల దాదాపు నాలుగేళ్లు జైల్లో గడిచిపోయాయి. ఇద్దర్నీ చంపిందెవరో నేటికీ తేలలేదు.

చట్టం చదువుకుని, సాక్షుల్ని కళ్లెదుట నిలబెట్టి విన్న జడ్జిగారికే కథలల్లిన మాట పడితే, వీడియోలు చూసి తీర్పులు చెప్పే మనకేం పడాలి?

అసలు ఆ తల్లి మీద అంత అనుమానం ఎలా పుట్టిందో జ్ఞాపకం తెచ్చుకోండి. ఆవిడ టీవీలో మాట్లాడింది. మొహం బిగబట్టుకుని, కన్నీళ్లు పెట్టుకోకుండా మాట్లాడింది. అంతే! 'కూతురు పోయిన తల్లి అలా ఉంటుందా' అన్నారు. ఆవిడ వెక్కివెక్కి ఏడ్చివుంటే ఏమనేవారు? నటిస్తోందనేవారు. అంటే ఆ తల్లి ఏం చేసినా తప్పే.

ఇది మన దేశానికే పట్టిన జబ్బేం కాదు. ఫోనులూ నెట్టూ లేని రోజుల్లోనూ ఉంది. 1980లో ఆస్ట్రేలియాలో ఉలురు కొండ దగ్గర ఓ కుటుంబం గుడారం వేసుకుంది. రాత్రివేళ డింగో అనే అడవి కుక్క తొమ్మిది వారాల పసిపాపని ఎత్తుకుపోయింది. తల్లి లిండీ చాంబర్లెన్ మొత్తుకుని చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఎందుకంటే టీవీలో ఆవిడ ఏడవలేదు! 1982లో యావజ్జీవ శిక్ష పడింది. 1986లో డింగోలు తిరిగే చోట పాప చొక్కా దొరికింది, అప్పుడు జైలు నుంచి వదిలారు. 1988లో శిక్ష కొట్టేశారు. డింగోయే ఎత్తుకుపోయిందని అధికారికంగా రాసి ఇవ్వడానికి 2012 దాకా పట్టింది. ముప్ఫై రెండేళ్లు! కన్నీళ్లు కార్చనందుకు కట్టిన జరిమానా అది.

అమెరికాలో బౌల్డర్ అనే ఊరుంది. అక్కడ 1996 క్రిస్మస్ మర్నాడు జాన్‌బెనే రామ్జీ అనే ఆరేళ్ల పిల్ల సొంత ఇంటి నేలమాళిగలో శవమై దొరికింది. తల్లి ఆ పిల్లని పసిపిల్లల అందాల పోటీలకి తీసుకెళ్లేది. అది చాలదూ! పిల్లకి లిప్‌స్టిక్ పూసిన తల్లి ఏమైనా చేస్తుందన్నారు. ఆ పోటీలు నాకూ నచ్చవు. నచ్చకపోవడం వేరు, దాన్ని హత్యకి సాక్ష్యంగా లెక్కకట్టడం వేరు. ఆ తల్లి 2006లో కాన్సరుతో పోయింది. 2008లో అక్కడి డిస్ట్రిక్ట్ అటార్నీ, పిల్ల బట్టల మీద దొరికిన డి.ఎన్.ఏ. ఎవరో తెలియని మగవాడిదనీ, ఆ కుటుంబాన్ని అనుమానితులుగా చూడబోమనీ ఉత్తరం రాసి క్షమాపణ చెప్పింది. తల్లి చదువుకోవడానికి రెండేళ్లు ఆలస్యమైంది. ఆ ఉత్తరాన్ని ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు. కాని ఈనాటికీ ఎవరి మీదా నేరం రుజువు కాలేదు. అయినా జనం ఊరుకోలేదు. 2016లో ఓ టీవీ కార్యక్రమం, హత్య జరిగినప్పుడు తొమ్మిదేళ్ల వాడైన అన్న మీదకి అనుమానం మళ్లించింది. అతను దావా వేస్తే 2019లో రాజీ పడ్డారు.

మన ఇళ్లల్లో చావు చూడనివాళ్లం ఎవరమూ లేము. మనిషి పోయినప్పుడు ఇల్లాలు ఏం చేస్తుంది? వచ్చిన వాళ్లకి కాఫీలు అందాయో లేదో చూస్తుంది. బీరువా తాళాలు ఎవరికివ్వాలో, పసివాళ్లకి అన్నం ఎవరు పెట్టాలో ఆలోచిస్తుంది. పన్నెండో రోజు చుట్టాలంతా వెళ్లాక, పోయినవాళ్ల చొక్కా ఒకటి తీగ మీద కనిపిస్తే అప్పుడు కుప్పకూలిపోతుంది. ఆ పన్నెండు రోజులూ వంటింటి గుమ్మం దగ్గర ఓ పెద్దావిడ 'చూశావుటే, కంట ఒక్క చుక్క రాలలేదు' అని గుసగుసలాడుతూనే ఉంటుంది. ఆ పెద్దావిడంటే మనందరికీ ఒళ్లుమంట. ఫోను చేతికిచ్చేసరికి మనమే ఆ పెద్దావిడలమైపోతున్నాం. ఆవిడ గుసగుస కనీసం గుమ్మం దాటేది కాదు.

'పోలీసులు సరిగ్గా చెయ్యలేదు కనకే మేం అడుగుతున్నాం' అంటారు కొందరు. సబబైన మాటే. అయితే అడగాల్సిన వాళ్లని అడగండి. నోయిడాలో మొదటి రోజే డాబా తలుపు ఎందుకు పగలగొట్టలేదు? హత్య జరిగిన ఫ్లాటులోకి వచ్చేపోయే జనాన్ని ఎందుకు రానిచ్చారు? బౌల్డర్‌లో ఇల్లంతా గాలించకుండా, స్నేహితుల్ని గదుల్లో తిరగనిచ్చి, ఆఖరికి శవాన్ని కన్నతండ్రే కనుక్కునేదాకా ఎందుకు ఊరుకున్నారు? ఇవన్నీ అధికారులు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు. వెయ్యిసార్లు అడగొచ్చు. 'ఆ తల్లే చేసివుంటుంది' అనేది ప్రశ్న కాదు, తీర్పు.

'ఆ మాత్రం ఊహించుకుంటే తప్పా' అంటారు ఇంకొందరు. 2022 నవంబరులో అమెరికాలోని ఐడహో యూనివర్సిటీ విద్యార్థులు నలుగుర్ని ఓ అద్దె ఇంట్లో చంపేశారు. ఏడు వారాలపాటు నెట్టులో ఒకటే వేట. ఆ ఇంట్లో ప్రాణాలతో మిగిలిన అమ్మాయిల్నీ వదల్లేదు. చీట్లు వేసి జోస్యం చెప్పే ఒకావిడ, ఏ సంబంధమూ లేని ఓ చరిత్ర ప్రొఫెసరమ్మ చేయించిందని తేల్చి వీడియోల మీద వీడియోలు పెట్టింది. ఆ ప్రొఫెసరు కోర్టుకి ఎక్కాల్సి వచ్చింది. తీరా డిసెంబరు 30న పోలీసులు పట్టుకున్నది పక్క రాష్ట్రం యూనివర్సిటీలో నేరశాస్త్రం చదివే విద్యార్థిని. కత్తి ఒర మీద దొరికిన డి.ఎన్.ఏ., కారు, ఫోను లెక్కలు అతన్ని పట్టించాయి. 2025 జూలైలో నేరం ఒప్పుకున్నాడు.

బయటివాళ్ల వల్ల మేలు జరగలేదా అంటే జరిగింది. 1970లలో, 80లలో కాలిఫోర్నియాని వణికించిన హంతకుడు 2018లో దొరికాడు. వంశవృక్షాలు వెతకడంలో ఆరితేరిన ఓ రిటైరైన లాయరమ్మ పోలీసులతో కలిసి పనిచేసింది. అతను అరెస్టయిన కొన్ని నెలల దాకా ఆవిడ పేరు లోకానికి తెలీదు. తెలిసింది పోలీసులకి చెప్పింది, బయట నోరు విప్పలేదు. యుగంధర్ శిష్యురాలంటే ఆవిడండీ!

డిటెక్టివ్ నవలకి ఓ కట్టుబాటుంది. హంతకుడు మనకి పరిచయమైన పదిమంది పాత్రల్లోనే ఉండి తీరాలి. లేకపోతే పాఠకులు రచయితని తిడతారు. నిజంగా జరిగే హత్యకి అలాంటి పూచీ ఎవరిచ్చారు? ఏ పేపర్లోనూ పేరెక్కని మనిషి ఎవరో చేసివుండచ్చు. మనకి కనిపించేది తల్లీ, తండ్రీ, పనివాడూ. అంచేత వాళ్లలోనే ఎవరో ఒకరని బిగించేస్తాం. ఇంట్లోవాళ్లు ఎప్పుడూ చెయ్యరనడం లేదు. చేసే వాళ్లున్నారు. అది తేల్చే ఆధారం మన ఫోనులో లేదంటున్నాను.

అంచేత ఈసారి ఎవరైనా 'ఆవిడ మొహం చూస్తేనే తెలియడం లేదూ' అంటూ వీడియో పంపిస్తే, నాకు తెలీదు అని జవాబు రాయండి. ఇంకొకరికి పంపకుండా ఆపండి. మన ఇంట్లో వంట చేసిపెట్టే మనిషి, మన వీధిలో ఏడవకుండా నిలబడ్డ ఇల్లాలు రేపు ఎవరి ఫోనులోకైనా ఎక్కచ్చు. అప్పుడు పదిమందీ నోరు మూసుకుంటే బాగుండునని మనకీ అనిపిస్తుంది. ఏమంటారు?